అర్జీ ఎవరికి ఇవ్వాలి?

మన సంస్థ కార్యాలయానికి సహాయం కోరి వచ్చేవారిని గమనిస్తే రెండు రకాలవారు కనిపిస్తారు. మొదటి రకం వారికి కావలసింది డబ్బే. ఆపరేషన్‌కు పదివేలు తక్కువైన తండ్రి, పరీక్ష ఫీజు గడువు రేపటితో ముగుస్తుందని వచ్చిన విద్యార్థి, భర్త పోయి ఇద్దరు పిల్లలతో మిగిలిన తల్లి. వీరికోసమే దాతలు చేయి చాస్తున్నారు. రెండో రకం వారూ డబ్బే అడుగుతారు గానీ, వారికి నిజంగా కావలసింది వేరు. వీధికి మంచినీళ్లు రావడం లేదు కాబట్టి ట్యాంకరు పంపమంటారు. మురుగు కాలువ పొంగుతోంది, పూడిక తీయించమంటారు. పింఛను ఆగిపోయింది, నెలకు కొంత ఇప్పించమంటారు. ఇవన్నీ ప్రభుత్వం చేయవలసిన పనులు. అందుకోసం మనమందరం పన్ను కడుతున్నాం, ఓటు వేస్తున్నాం. ట్యాంకరుకు పెట్టిన ప్రతి రూపాయీ ఆ తల్లికి ఇవ్వవలసిన దానిలోంచి తగ్గుతుంది. అందుకే ఈ ఏడాది సంచికలో విరాళాల లెక్కలతో పాటు ఈ వ్యాసం కూడా ఉండాలని కార్యవర్గం అనుకుంది.

మన కర్నూలులో ఏ కష్టం వచ్చినా అందరి నోటా వచ్చే మాట ఒకటే: "ఎమ్మెల్యే గారి దగ్గరికి పోదాం." వీధి దీపం వెలగకపోయినా అక్కడికే, హజ్ కోటా తగ్గినా అక్కడికే. ఆయన ఇంటి ముందు పొద్దున ఏడు గంటలకే రెండొందల మంది నిలబడతారు. అర్జీ తీసుకుంటారు, "చూద్దాం" అంటారు. ఆ పని ఆయన చేతిలో ఉన్నదా లేదా అని అడిగేవారు తక్కువ, చెప్పేవారు ఇంకా తక్కువ. నెల తర్వాత "మనవాళ్లను ఎవరూ పట్టించుకోరు" అనుకుంటూ మన కార్యాలయం మెట్లెక్కుతారు. పట్టించుకోకపోవడం కొన్నిచోట్ల నిజమే కావచ్చు. చాలాచోట్ల మాత్రం అర్జీ చేరవలసిన చోటికి చేరనే లేదు.

ముందుగా, మన ప్రతినిధి ఎవరు?

ఇది తేలికైన ప్రశ్న అనిపిస్తుంది. కర్నూలులో మాత్రం అంత తేలిక కాదు. కర్నూలు మునిసిపల్ కార్పొరేషన్‌లో 52 వార్డులు ఉన్నాయి. ఎక్కువ వార్డులు కర్నూలు అసెంబ్లీ నియోజకవర్గంలో ఉన్నా, కల్లూరు వైపు వార్డులు పాణ్యం నియోజకవర్గంలోకి, మరికొన్ని కోడుమూరులోకి వస్తాయి. పాణ్యం అసెంబ్లీ స్థానం నంద్యాల లోక్‌సభ పరిధిలో ఉంది. కోడుమూరు కర్నూలు లోక్‌సభలో ఉంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు పాణ్యం మండలం నంద్యాల జిల్లాకు వెళ్లింది, కల్లూరు మండలం కర్నూలు జిల్లాలోనే ఉండిపోయింది.

అంటే కల్లూరులో ఉండే ఒక సోదరుడి పరిస్థితి ఇలా ఉంటుంది. కాలువ బాగు చేయవలసింది కర్నూలు కార్పొరేషన్. అర్జీ తీసుకోవలసిన కలెక్టరు కర్నూలు కలెక్టరు. ఎమ్మెల్యే పాణ్యం ఎమ్మెల్యే. ఎంపీ నంద్యాల ఎంపీ. ఆయన బావమరిది బుధవారపేటలో ఉంటే, ఇద్దరి ఇళ్ల మధ్య ఆటోలో పావుగంట దూరం కూడా లేకపోయినా, ఆయన ఎమ్మెల్యే వేరు, ఎంపీ వేరు. పెళ్లిలో ఇద్దరూ కలుసుకుని "మన ఎంపీ" అనుకుంటూ మాట్లాడుకుంటారు గానీ ఇద్దరూ అంటున్నది ఒకరిని కాదు.

దీనికి ఉపాయం ఇంట్లోనే ఉంది. ఓటరు కార్డు వెనక్కి తిప్పి చూడండి. అసెంబ్లీ నియోజకవర్గం పేరు, భాగం నంబరు అక్కడ ఉంటాయి. లోక్‌సభ పేరు కార్డుపై ఉండదు గనుక అసెంబ్లీని బట్టి తెలుసుకోవాలి. కర్నూలు, పత్తికొండ, కోడుమూరు, ఎమ్మిగనూరు, మంత్రాలయం, ఆదోని, ఆలూరు అని ఉంటే మీ ఎంపీ కర్నూలు ఎంపీ. పాణ్యం, నంద్యాల, ఆళ్లగడ్డ, శ్రీశైలం, నందికొట్కూరు, బనగానపల్లె, డోన్ అని ఉంటే నంద్యాల ఎంపీ. ఇల్లు మారి మూడేళ్లయినా కార్డు పాత చిరునామాలోనే ఉన్నవారు ఫారం 8 ఇచ్చి మార్పించుకోవాలి. ఓటు ఒకచోట, కష్టం ఒకచోట ఉంటే అర్జీ బలం సగం పోతుంది.

కార్పొరేటరు

వీధిలో కనిపించే పనుల్లో ఎక్కువ భాగం కార్పొరేషన్‌వే. మంచినీటి కుళాయి, మురుగు కాలువ, చెత్త, వీధి దీపం, కాలనీ లోపలి సీసీ రోడ్డు, దోమల మందు, జనన మరణ ధ్రువపత్రాలు, ఇంటి పన్ను. 1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 పనుల జాబితా ఇచ్చింది. అందులో శ్మశానాలు, ఖననస్థలాలు కూడా ఉన్నాయి. ఖబరస్తాన్‌కు దారి, దీపం, నీళ్లు అడగడం ఎవరి దయాదాక్షిణ్యం మీదా ఆధారపడిన విషయం కాదన్నమాట. అది కార్పొరేషన్ పనుల జాబితాలో రాసి ఉన్న పని.

కార్పొరేటరు పేరు తెలియని ఓటర్లు మన మొహల్లాల్లో చాలామంది ఉన్నారు. ఎమ్మెల్యే, ముఖ్యమంత్రి పేర్లు చిన్నపిల్లలు కూడా చెబుతారు. కానీ కౌన్సిల్ సమావేశంలో లేచి "మా వార్డులో ఫలానా వీధికి ఆరు నెలలుగా నీళ్లు లేవు" అని అడగవలసినవారు కార్పొరేటరే. ఎమ్మెల్యే, ఎంపీ కూడా కౌన్సిల్‌లో ఎక్స్ అఫిషియో సభ్యులే. అయినా రోజూ వీధిలో తిరిగేది కార్పొరేటరు. వార్డు సచివాలయంలో అర్జీ నమోదు చేయించి, ఆ నంబరుతో కార్పొరేటరును కలిస్తే ఆయన కూడా పట్టుకుని అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

ఒక చిన్న తేడా గుర్తుంచుకోవాలి. స్తంభం మీద బల్బు వెలగకపోతే కార్పొరేషన్. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినా, తీగలు ఇంటి మేడకు తగిలేలా వేలాడుతున్నా విద్యుత్ పంపిణీ సంస్థ, అంటే మనకు ఎస్పీడీసీఎల్. అది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ గనుక అక్కడ పని కాకపోతే ఎమ్మెల్యేకు చెప్పాలి.

మరి కౌన్సిల్ లేని కాలంలో? కర్నూలుకు ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. 2005 తర్వాత మన కార్పొరేషన్‌కు మళ్లీ ఎన్నికలు జరిగింది 2021లోనే. పాలకవర్గం గడువు ముగిసి ఎన్నిక జరగనప్పుడు పాలన ప్రత్యేకాధికారి చేతిలోకి వెళ్తుంది. అప్పుడు అర్జీ కమిషనరుకు ఇచ్చి, నకలు ఎమ్మెల్యేకు ఇవ్వాలి. మాజీ కార్పొరేటరు దగ్గరకు వెళ్లడంలో తప్పు లేదు. వీధి సంగతి ఆయనకు తెలుసు. సంతకం పెట్టే అధికారం మాత్రం ఉండదు.

పల్లెల్లో ఉన్న మన సోదరులకు ఇదే పని సర్పంచి, వార్డు సభ్యుడు చేస్తారు. మండల స్థాయి విషయమైతే ఎంపీటీసీ, జిల్లా పరిషత్ నిధులతో అయ్యే పనైతే జడ్పీటీసీ.

ఎమ్మెల్యే

రాష్ట్ర ప్రభుత్వ శాఖల పని ఏదైనా ఎమ్మెల్యేదే. పింఛను, రేషన్ కార్డు, ఇళ్ల స్థలాలు, పోలీసు స్టేషన్, ప్రభుత్వ ఆసుపత్రి, బడి, ఆర్ అండ్ బీ రోడ్డు, భూమి రికార్డులు. సర్వజన ఆసుపత్రిలో ఒక విభాగానికి డాక్టరు లేకపోతే, ఉర్దూ మీడియం బడిలో గణితం చెప్పే టీచరు లేకపోతే, అది రాష్ట్ర ప్రభుత్వం భర్తీ చేయవలసిన పోస్టు. ఎమ్మెల్యే అసెంబ్లీలో ప్రశ్న వేయగలరు, మంత్రికి లేఖ రాయగలరు, జిల్లా సమీక్షా సమావేశంలో అడగగలరు.

ఉర్దూ టీచరు పోస్టుల విషయంలో ఇంకొక తలుపు కూడా ఉంది. శాసనమండలిలో పట్టభద్రులకు, ఉపాధ్యాయులకు వేరే ప్రతినిధులు ఉన్నారు. మనది పశ్చిమ రాయలసీమ నియోజకవర్గం, అంటే ఉమ్మడి కడప, అనంతపురం, కర్నూలు జిల్లాలు కలిపి. డిగ్రీ చదివి, పట్టభద్రుల ఓటరుగా నమోదైన మన యువకులు ఎంతమంది? ప్రతి ఎన్నికకూ కొత్తగా నమోదు చేసుకోవాలన్న సంగతి తెలియక చాలామంది ఆ ఓటు పోగొట్టుకుంటున్నారు. ఓటరు జాబితాలో లేనివారి మాట కూడా ఎమ్మెల్సీ వింటారు, కాదనలేం. కానీ జాబితాలో వెయ్యి పేర్లు ఉన్న వర్గం మాట ఇంకాస్త శ్రద్ధగా వింటారు.

ఎమ్మెల్యే చేయలేనివీ కొన్ని ఉన్నాయి. కోర్టులో ఉన్న కేసు తీర్పు ఆయన మార్చలేరు, మార్చమని అడగనూ కూడదు. దర్యాప్తు ఎలా జరగాలో ఆయన చెప్పకూడదు. ఎఫ్ఐఆర్ నమోదు చేయడం లేదని చెప్పుకోవడం వేరు, ఫలానావాడిని వదిలేయమనడం వేరు. రెండో దానికి మన సంస్థ లెటర్‌హెడ్ ఎవరికీ ఇవ్వము. ఎవరి సిఫార్సుతో వచ్చినా ఇవ్వము.

ఎంపీ

మన అర్జీలు అతి తక్కువగా చేరేది ఎంపీకే. అసలు చేరవలసినవి మాత్రం తక్కువ కాదు. రైల్వే, పాస్‌పోర్టు, పోస్టాఫీసు, జాతీయ బ్యాంకులు, పీఎఫ్, జాతీయ రహదారి, విదేశాల్లో ఉన్నవారి కష్టాలు అన్నీ కేంద్రానివి. ఊరి పక్కనుంచి పోయే హైదరాబాద్ బెంగళూరు రోడ్డు 44వ నంబరు జాతీయ రహదారి. అక్కడ సర్వీసు రోడ్డు లేక ప్రమాదాలు జరుగుతుంటే ఎమ్మెల్యే ఇంటి ముందు ధర్నా చేసి లాభం లేదు. ఎంపీకి రాయాలి. రైల్వే గేటు దగ్గర వంతెన కావాలంటే ఇద్దరికీ రాయాలి. సాధారణంగా పట్టాల మీది భాగం రైల్వేది, రెండు వైపులా ఎక్కే రోడ్డు రాష్ట్రానిది. ఒకరికే రాస్తే సగం వంతెన అడిగినట్టే.

రాజ్యాంగం ఏడవ షెడ్యూలు చూస్తే ఒక ఆసక్తికరమైన సంగతి తెలుస్తుంది. దేశం లోపలి తీర్థయాత్రలు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. దేశం వెలుపలి యాత్రలు కేంద్ర జాబితాలో ఉన్నాయి. అందుకే హజ్ కోటా, విమాన చార్జీ, సౌదీలో బస ఏర్పాట్లు అన్నీ ఢిల్లీ విషయాలు. 2002 హజ్ కమిటీ చట్టం ప్రకారం హజ్ కమిటీ ఆఫ్ ఇండియాలో ముగ్గురు పార్లమెంటు సభ్యులకు స్థానం ఉంది. హజ్ యాత్రికుల ఫిర్యాదు ఎంపీ ద్వారా మైనారిటీ వ్యవహారాల మంత్రిత్వ శాఖకు వెళ్లాలి. శిక్షణ తరగతులు, టీకాలు, యాత్రికులను పంపే ఏర్పాట్లకు రాష్ట్ర హజ్ కమిటీ ఉంది. ఆ మేరకు ఎమ్మెల్యేను కలవవచ్చు.

స్కాలర్‌షిప్పుల సంగతీ అంతే. మైనారిటీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్పు 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వారికి ఆగిపోయి 9, 10 తరగతులకే పరిమితమైంది. పరిశోధక విద్యార్థులకు ఇచ్చే మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్పును ఆపివేస్తున్నట్టు 2022 డిసెంబరులో లోక్‌సభలో ప్రకటించారు. ఈ రెండింటిపై ఎమ్మెల్యేకు వినతిపత్రం ఇస్తే ఆయన మహా అయితే సానుభూతి చూపగలరు. ప్రశ్న వేయగలిగేది ఎంపీ. మరోవైపు, కళాశాల ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగితే ఎంపీ వల్ల ప్రయోజనం లేదు, అది రాష్ట్రానిది. మన ఊరిలోని డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం 2016లో రాష్ట్రం స్థాపించినది. హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కేంద్రానిది. పేరులో ఉర్దూ ఉన్నంత మాత్రాన రెండూ ఒకే తలుపు దగ్గరకు పోవు.

గల్ఫ్‌లో ఉన్నవారి కుటుంబాల గురించి కాస్త వివరంగా చెప్పాలి. అలాంటి కష్టంలో గంటలు కూడా లెక్కే. యజమాని జీతం ఇవ్వకపోయినా, పాస్‌పోర్టు పట్టుకున్నా, అక్కడ ఎవరైనా చనిపోయినా వెళ్లవలసింది భారత రాయబార కార్యాలయానికి, విదేశాంగ శాఖకు. ఆ శాఖ 2015లో ప్రారంభించిన మదద్ అనే ఫిర్యాదుల వేదిక ఉంది. ముందు అక్కడ నమోదు చేసి, ఆ నంబరుతో ఎంపీ కార్యాలయం నుంచి లేఖ పంపించాలి. నిరుపేదల మృతదేహం పంపడానికి రాయబార కార్యాలయాల వద్ద సంక్షేమ నిధి ఉంటుంది, అడిగితేనే తెలుస్తుంది. పదో తరగతి పాసుకానివారికి ఇచ్చే ఈసీఆర్ పాస్‌పోర్టుతో, నిబంధనల ప్రకారం ఎమిగ్రేషన్ అనుమతి పొంది వెళ్లినవారికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 10 లక్షల రూపాయలు రావాలి. ఆ పాలసీ కాగితం ఇంట్లో ఎక్కడుందో తెలియని కుటుంబాలు మన దగ్గరకు ఐదు వేల సహాయానికి వస్తున్నాయి. విమానాశ్రయం నుంచి ఊరికి అంబులెన్సు వంటి సాయానికి రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉంది.

ఎంపీ నిధుల గురించి దాతలు తరచూ అడుగుతారు. ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్ల రూపాయల పనులు సిఫార్సు చేసే వీలుంది. డబ్బు ఆయన చేతికి రాదు. ఆయన సిఫార్సు చేస్తారు, జిల్లా యంత్రాంగం మంజూరు చేస్తుంది. మసీదు లోపలి పనులకూ, ఏ మతసంస్థ యాజమాన్యంలోని స్థలంలో పనులకూ ఈ నిధి పనికిరాదు. మంచినీరు, బడి గది, గ్రంథాలయం వంటి వాటికి అడగవచ్చు. లోక్‌సభ సభ్యులు తమ నియోజకవర్గంలో, రాజ్యసభ సభ్యులు రాష్ట్రంలో ఎక్కడైనా సిఫార్సు చేయవచ్చు. రాష్ట్రం నుంచి 11 మంది రాజ్యసభ సభ్యులున్నారు. వారికి కర్నూలు నుంచి ఎన్ని లేఖలు వెళ్తున్నాయో మరి.

వక్ఫ్ భూమి

ఇదే అన్నింటికంటే చిక్కు. దాన ధర్మ సంస్థలు, మతపరమైన ధర్మాదాయాలు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. చట్టం పార్లమెంటుది: 1995 నాటిది, 2025 ఏప్రిల్‌లో సవరించారు. చట్టంలోని సెక్షన్ల మీద అభిప్రాయం చెప్పాలంటే ఎంపీకి. బోర్డు నడిచేది రాష్ట్ర మైనారిటీ సంక్షేమ శాఖ కింద. బోర్డు పలకకపోతే ఎమ్మెల్యేకు, మంత్రికి.

ఒక ఖబరస్తాన్‌ను తీసుకుందాం. గోడ కూలింది, లోపల పొదలు పెరిగాయి, ఒక మూల ఎవరో రేకుల షెడ్డు వేశారు, సర్వే నంబరులో కొలత తేడా ఉంది. జనం దృష్టిలో ఇది ఒకే సమస్య. కాగితం మీద నాలుగు. పొదలు, దీపం, దారి కార్పొరేటరుకు. ప్రహరీకి నిధులు ఎమ్మెల్యే ద్వారా మైనారిటీ సంక్షేమ శాఖకు. ఆక్రమణ మీద ఫిర్యాదు వక్ఫ్ బోర్డుకు. బోర్డు ముఖ్య కార్యనిర్వహణాధికారి నోటీసు ఇచ్చి, అవసరమైతే ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. కొలత తహసీల్దారు, సర్వేయరు పని. నాలుగూ కలిపి ఒకే అర్జీలో రాసి ఎమ్మెల్యేకు ఇస్తే, అది కష్టమైన నాలుగో విషయం దగ్గర ఆగిపోతుంది. పొదలు కూడా అలాగే ఉండిపోతాయి. విడదీసి ఇస్తే కనీసం రెండు పనులు ఈ వేసవిలోనే అవుతాయి. షెడ్డు తీయించడం మాత్రం ఏళ్ల తరబడి వెంటపడవలసిన వ్యవహారం. ఆ సంగతి ముతవల్లీలకు, కమిటీలకు ముందే తెలిసి ఉండాలి.

అర్జీ రాసే తీరు

ఒక కాగితం, ఒక సమస్య. ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎన్ని ఇళ్లకు, ఏం చేయాలి. ఇంతకు ముందు ఎవరికి చెప్పారు, తేదీ, నంబరు. ఫోటో ఒకటి చాలు. పొగడ్తలతో మొదటి పేజీ నింపితే అసలు విషయం రెండో పేజీకి పోతుంది, రెండో పేజీ ఎవరూ తిప్పరు. ఉదాహరణకు ఇలా రాయవచ్చు:

"గౌరవనీయులైన కార్పొరేటరు గారికి, ఫలానా వార్డు, ఫలానా వీధిలో 42 ఇళ్లకు మార్చి 3 నుంచి కుళాయి నీరు రావడం లేదు. మార్చి 10న వార్డు సచివాలయంలో ఫిర్యాదు చేశాం, నంబరు ఫలానా. పైపు పగిలిన చోటు ఫోటో జతచేశాం. మరమ్మతు చేయించగలరని, అంతవరకు రోజు మార్చి రోజు ట్యాంకరు పంపించగలరని మనవి."

కింద ఆ వీధివారి సంతకాలు, ఫోన్ నంబర్లు. మన సంస్థ సంతకం ఆ తర్వాతే. నీళ్లు రానిది వారికి గనుక వారి పేర్లే ముందుండాలి. ఆడవాళ్ల సంతకాలు తప్పక పెట్టించాలి. కుళాయి దగ్గర నిలబడేది వారే. రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమంలో కూడా ఒక ప్రతి ఇస్తే మంచిది. ఏమైందో చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

సభ పెట్టి, శాలువా కప్పి, ఫోటో దిగి అర్జీ ఇచ్చే అలవాటు మన దగ్గర ఎక్కువైంది. ఫోటో పత్రికలో వస్తుంది, అర్జీ ఆ శాలువాతో పాటే మడతపడుతుంది. మామూలు రోజున, ఆఫీసులో, పీఏకు ఇచ్చి ముద్ర వేయించుకున్న కాగితం దానికంటే దూరం పోతుంది. పార్టీ సంగతి కూడా చెప్పాలి. మనం ఓటు వేయనివారు గెలిచినా ఆయన మన ప్రతినిధే. ఆయన గుమ్మం ఎక్కడానికి నామోషీ పడనక్కరలేదు. మన సంస్థ ఎవరికీ ఓటు వేయమని చెప్పదు, ఎవరి ప్రచార వేదికా ఎక్కదు. అందువల్లనే అన్ని గుమ్మాలకూ వెళ్లగలుగుతుంది.

ఈ పనిలో దాతల నుంచి విరాళం కాక ఇంకొకటి కోరుతున్నాం. మీలో విశ్రాంత రెవెన్యూ ఉద్యోగులు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు ఉన్నారు. జుమా నమాజు తర్వాత ఒక గంట కార్యాలయంలో కూర్చుని, వచ్చినవారి కష్టం విని, అర్జీ రాసిపెట్టి, ఎవరికి ఇవ్వాలో చెప్పగలవారు తమ పేరు కార్యదర్శి వద్ద నమోదు చేయించండి. సహాయం కోసం మీ వద్దకు నేరుగా వచ్చేవారిని మా దగ్గరకు పంపేటప్పుడు ఓటరు కార్డు రెండు వైపులా జిరాక్సు, ఇంతకు ముందు ఇచ్చిన అర్జీల ప్రతులు, గల్ఫ్ విషయమైతే పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల నకలు, బీమా కాగితం తెమ్మని చెప్పండి.